ఒకే కాల్పులకు రెండు కోర్టులు, ట్రయల్ లేకుండా శిక్షలు: అమెరికా క్రిమినల్ కేసు ఎలా నడుస్తుంది

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతా పట్టణంలో ఒక బార్‌లో జరిగిన కాల్పుల్లో హైదరాబాద్ నుంచి వెళ్లిన యువ ఇంజినీరు ప్రాణాలు కోల్పోయారు. ఆయనతోపాటు ఉన్న తెలుగు మిత్రుడు, హంతకుణ్ని అడ్డుకోబోయిన ఒక అమెరికన్ గాయపడ్డారు. 2018 మే నెలలో కాన్సస్ కోర్టు హంతకుడికి యావజ్జీవ శిక్ష వేసిందని, 50 ఏళ్ల దాకా పెరోలు ఉండదని మన పత్రికల్లో చదివాం. అదే ఏడాది ఆగస్టులో ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వపు) కోర్టు అదే మనిషికి, అవే కాల్పులకు, ఒకదాని తర్వాత ఒకటి అనుభవించేలా మూడు యావజ్జీవ శిక్షలు వేసిందనీ చదివాం. ఒకే పనికి రెండు కోర్టులు ఎలా శిక్ష వేస్తాయి? మనిషికి ఉన్నది ఒకే జీవితమైతే మూడు యావజ్జీవాలకు అర్థమేమిటి? అంతకన్నా ఆలోచింపజేసే సంగతి మరొకటుంది. ఈ రెండు కోర్టుల్లోనూ తీర్పు చెప్పడానికి జ్యూరీ, అంటే మామూలు పౌరుల బృందం, కూర్చోనే లేదు. రెండు చోట్లా నిందితుడే నేరం ఒప్పుకున్నాడు.

సినిమాల్లో చూసే అమెరికా కోర్టుకూ నిజంగా నడిచే అమెరికా కోర్టుకూ మధ్య దూరమంతా ఆ చివరి వాక్యంలోనే ఉంది. అక్కడి క్రిమినల్ కేసుల్లో అత్యధిక భాగం జ్యూరీ ముందుకు రాకముందే తేలిపోతాయి. ఏ అభియోగం మోపాలి, బెయిలు ఎంత, ఏ షరతు మీద నేరం ఒప్పుకోవాలి అన్న మూడు ప్రశ్నల దగ్గరే ఫలితం దాదాపు ఖరారవుతుంది. కాబట్టి ఈ వ్యవస్థను అర్థం చేసుకోవాలంటే ముందు ఆ దశలను విడివిడిగా చూడాలి.

మన అయోమయంలో కొంత వంతు మన భాషది కూడా. పోలీసులు కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగినా ‘విచారణ’ అంటాం, కోర్టులో ఐదు నిమిషాల వాయిదా జరిగినా ‘విచారణ’ అంటాం, సాక్షులను పిలిచి నెలల తరబడి నడిపినా అదే మాట వాడతాం. అమెరికాలో ఈ మూడింటికీ వేర్వేరు నియమాలు, వేర్వేరు హక్కులు. అందుకని ఈ వ్యాసంలో మొదటిదాన్ని ప్రశ్నించడమనీ, రెండోదాన్ని వాయిదా అనీ, మూడోదాన్ని ట్రయల్ అనీ పిలుస్తాను.

రెండు ప్రభుత్వాలు, రెండు శిక్షాస్మృతులు

మన దేశమంతటికీ ఒకే శిక్షాస్మృతి ఉంది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత. అమెరికాలో 50 రాష్ట్రాలూ తమ తమ నేరచట్టాలను తామే రాసుకుంటాయి. హత్య, దొంగతనం, కొట్లాట, తాగి కారు నడపడం వంటివి మామూలుగా రాష్ట్ర నేరాలు. వీటికి వేరుగా ఫెడరల్ ప్రభుత్వానికి సొంత నేరచట్టం ఉంది. వీసా మోసం, రాష్ట్రాల సరిహద్దులు దాటిన మాదకద్రవ్యాల రవాణా, జాతి లేదా మతం కారణంగా చేసిన హింస వంటివి దాని పరిధిలోకి వస్తాయి. ఒకే పని రెండు చట్టాలకూ తగిలే సందర్భాలు ఎన్నో ఉంటాయి. ఒలేతాలో జరిగింది కాన్సస్ చట్టం దృష్టిలో హత్య. ఫెడరల్ చట్టం దృష్టిలో జాతి ద్వేషంతో చేసిన నేరం.

రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడా ఎంతుంటుందో ఒక లెక్కతో చూద్దాం. ఒక విద్యార్థి దుకాణంలో 300 డాలర్ల సరుకుకు డబ్బు కట్టకుండా బయటికి వచ్చాడనుకుందాం. టెక్సస్‌లో 100 డాలర్ల నుంచి 750 డాలర్లలోపు దొంగతనం ‘క్లాస్ బి మిస్‌డిమీనర్’, అంటే చిన్న నేరం. గరిష్ఠ శిక్ష 180 రోజుల జైలు. న్యూజెర్సీలో 200 డాలర్ల నుంచి 500 డాలర్ల దాకా షాప్‌లిఫ్టింగ్ ‘ఫోర్త్ డిగ్రీ క్రైమ్’. గరిష్ఠ శిక్ష 18 నెలలు. వస్తువు అదే, వెలా అదే. మారింది రాష్ట్రం ఒక్కటే. ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలని పాఠకులను కోరుతున్నాను, దీని అసలు బరువు వ్యాసం చివర తెలుస్తుంది.

ఇక ఒకే పనికి రెండు శిక్షల సంగతి. ఒకే నేరానికి ఎవరినీ రెండుసార్లు శిక్షించకూడదని అమెరికా రాజ్యాంగం ఐదో సవరణ చెబుతుంది. మన రాజ్యాంగంలోని 20(2) అధికరణం కూడా అదే చెబుతుంది. అయితే ‘ఒకే నేరం’ అంటే ఒకే ప్రభుత్వపు చట్టాన్ని ఉల్లంఘించిన నేరమనీ, రాష్ట్రమూ ఫెడరల్ ప్రభుత్వమూ వేర్వేరు సార్వభౌమాధికారులు కనుక ఎవరి చట్టం కింద వారు శిక్షించవచ్చనీ అక్కడి సుప్రీంకోర్టు చాలాకాలంగా అంటూ వచ్చింది. 2019లో గ్యాంబుల్ కేసులో ఈ సూత్రాన్ని ఎత్తివేయమని కోరితే ఏడుగురు న్యాయమూర్తులు కాదన్నారు, ఇద్దరు ఔనన్నారు. ఆ ఇద్దరు ఉదారవాదిగా పేరున్న గిన్స్‌బర్గ్, సంప్రదాయవాదిగా పేరున్న గోర్సచ్ కావడాన్ని బట్టి ఈ ప్రశ్న రాజకీయ శిబిరాల ప్రకారం చీలేది కాదని అర్థమవుతుంది. అధికారాన్ని రెండు ప్రభుత్వాల మధ్య పంచింది పౌరుడి స్వేచ్ఛను కాపాడటానికే అయినప్పుడు, ఆ పంపకమే అతన్ని రెండుసార్లు కోర్టుకు ఈడ్చడానికి కారణం కారాదన్నది వారి వాదనలోని సారం.

అవతలి పక్షానికీ బలమైన అనుభవం ఉంది. 1991లో లాస్ ఏంజెలెస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ని పోలీసులు కొట్టిన వీడియోను ప్రపంచమంతా చూసింది. 1992లో రాష్ట్ర కోర్టు జ్యూరీ ఆ పోలీసుల్లో ఎవరినీ దోషిగా ప్రకటించలేదు. 1993లో ఫెడరల్ కోర్టు వారిలో ఇద్దరిని పౌరహక్కుల ఉల్లంఘన కింద దోషులుగా తేల్చింది. రెండో తలుపు లేకపోతే ఆ కేసు మొదటి తీర్పుతోనే ముగిసిపోయేది.

మూడు యావజ్జీవాల ముడి దీనికన్నా సులువు. అక్కడ శిక్ష మనిషికి కాక ఒక్కొక్క అభియోగానికి లెక్క కడతారు. ఒలేతా కేసులో ఫెడరల్ అభియోగాలు మూడు కాబట్టి శిక్షలూ మూడు. రేపు ఏ కారణం చేతనైనా ఒక అభియోగాన్ని పైకోర్టు కొట్టేసినా మిగిలిన రెండూ నిలుస్తాయి. శిక్షలను ఏకకాలంలో అనుభవించాలని చెప్పడం కూడా మామూలే. 2020లో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మరణానికి కారకుడైన పోలీసు అధికారి డెరెక్ షావిన్‌కు రాష్ట్ర కోర్టు ఇరవై రెండున్నరేళ్లు, ఫెడరల్ కోర్టు 21 ఏళ్లు శిక్ష వేశాయి, ఆ రెండూ ఒకేసారి నడుస్తున్నాయి.

చేసిన పని ఒక్కటే చాలదు

నేరం రుజువు కావాలంటే పనితోపాటు ఆ పని చేసిన క్షణంలో మనసు ఏ స్థితిలో ఉందో కూడా రుజువు కావాలి. 1962లో న్యాయనిపుణుల సంస్థ ఒకటి తయారుచేసిన నమూనా శిక్షాస్మృతి ఈ మనఃస్థితిని నాలుగు మెట్లుగా విడదీసింది. చాలా రాష్ట్రాల చట్టాల మీద దాని ముద్ర ఉంది.

కారు ఢీకొని ఒక పాదచారి చనిపోయాడనుకుందాం. చంపాలనే కారు మీదికి తోలితే అది ఉద్దేశం. జనం మధ్యలోంచి కారు పోనిస్తే ఎవరో ఒకరు చావక తప్పదని నిశ్చయంగా తెలిసీ పోనిస్తే అది ఎరుక. ప్రమాదం పొంచి ఉందని తెలిసి కూడా లెక్కచేయకపోతే అది నిర్లక్ష్యం. ప్రమాదం ఉందని ఏ మామూలు మనిషైనా గ్రహించేచోట గ్రహించనే లేకపోతే అది ఏమరుపాటు. పోయింది ఒక ప్రాణమే, కానీ శిక్ష యావజ్జీవం నుంచి జరిమానా దాకా ఎక్కడైనా ఉండవచ్చు. మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య గీత బయటివారి కంటికి దాదాపు కనిపించదు. కేసులు నిలిచేది, పడిపోయేది చాలాసార్లు ఆ గీత మీదే.

2023 జనవరిలో సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న తెలుగు విద్యార్థినిని పోలీసు వాహనం ఢీకొన్న ఘటన మనలో ఎవరూ మరిచిపోయేది కాదు. గంటకు 40 కిలోమీటర్ల పరిమితి ఉన్న వీధిలో ఆ వాహనం ఒక దశలో సుమారు 119 కిలోమీటర్ల వేగం అందుకుంది. అయినా 2024 ఫిబ్రవరిలో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ప్రాసిక్యూటర్ (ప్రభుత్వ న్యాయవాది) కార్యాలయం ఆ వాహనం నడిపిన అధికారిపై ఫెలనీ (పెద్ద నేరం) అభియోగం మోపడం లేదని ప్రకటించింది. అతను అత్యవసర పిలుపు మీద వెళుతున్నాడనీ, ఇతరుల భద్రతను తెలిసి తెలిసి పట్టించుకోలేదని సహేతుక సందేహానికి అతీతంగా రుజువు చేయలేమనీ వివరించింది. చివరికి అతనికి పడింది ఏమరుపాటుగా వాహనం నడిపినందుకు 5,000 డాలర్ల జరిమానా. 2025 జనవరిలో పోలీసు శాఖ అతన్ని ఉద్యోగం నుంచి తొలగించింది. ఇది అన్యాయమని తెలుగు సమాజం, సియాటిల్ పౌరుల్లో చాలామంది గట్టిగా అన్నారు. గెలవలేమని తాము నమ్మే కేసును కోర్టుకు తీసుకెళ్లకపోవడం వృత్తిధర్మమని ప్రాసిక్యూటర్లు అంటారు. ఎవరి మాట సరైనదన్నది పాఠకులు నిర్ణయించుకోవచ్చు గానీ, ‘నిర్దోషి అని తేల్చారు’ అన్న వార్త మాత్రం తప్పు. నేరం గురించి ఏ కోర్టూ ఏదీ తేల్చలేదు, క్రిమినల్ అభియోగమే పుట్టలేదు.

ఫెలనీ, మిస్‌డిమీనర్ అన్న మాటలనూ ఇక్కడే చెప్పుకోవాలి. స్థూలంగా ఏడాదికి మించి జైలు పడే వీలున్న నేరం ఫెలనీ, ఏడాది లేదా అంతకు తక్కువైతే మిస్‌డిమీనర్. జరిమానాతో పోయేది ఉల్లంఘన మాత్రమే. న్యూజెర్సీ వంటి చోట్ల ఈ పేర్లే వాడరు, కానీ గీత దాదాపు అక్కడే ఉంటుంది.

మౌనంగా ఉండే హక్కు, నోరు తెరిచి అడగాల్సిన హక్కు

‘మౌనంగా ఉండే హక్కు మీకుంది. మీరు చెప్పేదేదైనా కోర్టులో మీకు వ్యతిరేకంగా వాడవచ్చు’ అంటూ మొదలయ్యే హెచ్చరిక 1966 నాటి మిరాండా తీర్పులోంచి వచ్చింది. దీని గురించి ఉన్నన్ని అపోహలు మరి దేని గురించీ లేవు. అరెస్టు చేయగానే దీన్ని చదవకపోతే అరెస్టే చెల్లదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ హెచ్చరిక అవసరమయ్యేది రెండు షరతులు కలిసినప్పుడే: మనిషి నిర్బంధంలో ఉండాలి, పోలీసులు అతన్ని ప్రశ్నిస్తూ ఉండాలి. చదవకుండా ప్రశ్నిస్తే ఆ జవాబులను తన వాదనకు ఆధారంగా ప్రాసిక్యూషన్ చూపలేదు, అంతవరకే. ఆ తీర్పు ఎవరి కేసులో వచ్చిందో ఆ మిరాండా కూడా రెండో ట్రయల్‌లో, పోలీసులకిచ్చిన వాంగ్మూలం లేకుండానే, మళ్లీ దోషిగా తేలాడు.

హక్కు ఉన్నంత మాత్రాన అది దానంతటదే పనిచేయదు. మిషిగన్‌లో హత్యకేసు అనుమానితుడు థాంప్కిన్స్‌ను ఒక గదిలో దాదాపు మూడు గంటలపాటు ప్రశ్నించారు. అతను లాయరు కావాలని అడగలేదు, మాట్లాడనని చెప్పలేదు. ఊరికే కూర్చున్నాడు. రెండు గంటల 45 నిమిషాల తర్వాత అధికారి, నువ్వు దేవుణ్ని నమ్ముతావా అని అడిగాడు. నమ్ముతానన్నాడు. ఆ కుర్రాణ్ని కాల్చినందుకు క్షమించమని దేవుణ్ని ప్రార్థిస్తావా అని అడిగాడు. ‘అవును’ అన్నాడు. ఆ ఒక్క మాటను ట్రయల్‌లో అతనికి వ్యతిరేకంగా వాడారు, యావజ్జీవం పడింది. మౌనహక్కును వాడుకుంటున్నానని స్పష్టంగా నోటితో చెప్పాలి, ఊరికే మౌనంగా ఉంటే చాలదని 2010లో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది.

మన చట్టంతో పోల్చినప్పుడు ఇక్కడొక ముఖ్యమైన తేడా ఉంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది, దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్ అదే చెబుతోంది. అమెరికాలో హెచ్చరిక చదివాక పోలీసుల ముందు ఇష్టపూర్వకంగా చెప్పిన ప్రతి మాటా సాక్ష్యమే. స్టేషన్‌లో ఏం చెప్పినా కోర్టులో చెల్లదు కదా అన్న మన అలవాటు నమ్మకం అక్కడ మనిషిని నిలువునా ముంచుతుంది. ఈ ఒక్క విషయంలో మన చట్టమే నిందితుడికి గట్టి కంచె కట్టిందని నా అభిప్రాయం.

లాయరును పెట్టుకునే స్తోమత లేనివారికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలన్న నియమానికి మూలం ఫ్లోరిడా జైల్లోంచి గిడియన్ అనే ఖైదీ పెన్సిల్‌తో రాసి సుప్రీంకోర్టుకు పంపిన పిటిషన్. 1961లో ఒక పూల్ రూంలో దొంగతనం చేశాడన్న కేసులో అతను లాయరు లేకుండా తానే వాదించుకుని ఓడిపోయాడు. 1963లో సుప్రీంకోర్టు అతని వైపు తీర్పు చెప్పింది. అదే ఏడాది లాయరుతో జరిగిన రెండో ట్రయల్‌లో జ్యూరీ అతను నిర్దోషి అంది. ఈసారి ప్రశ్నలు అడగడం తెలిసిన మనిషి పక్కన నిలబడ్డాడు.

అభియోగం రాసేది పోలీసులు కాదు

మన దగ్గర దర్యాప్తు చేసి చార్జిషీటు వేసేది పోలీసులే. అమెరికాలో పోలీసులు అరెస్టు చేస్తారు. ఏ అభియోగం మోపాలి, అసలు మోపాలా వద్దా అన్నది ప్రాసిక్యూటర్ నిర్ణయం. చాలా రాష్ట్రాల్లో కౌంటీ ప్రాసిక్యూటర్ ఓట్లతో గెలిచి వచ్చిన వ్యక్తి. నేరాల పట్ల కఠినంగా ఉంటానని ఒకరు, జైళ్లు నిండకుండా చూస్తానని మరొకరు ఎన్నికల్లో నిలబడతారు. ప్రజల చేతిలో పగ్గం ఉండటం మంచిదేనని కొందరు, అభియోగం ఓట్ల లెక్కలకు లోబడకూడదని మరికొందరు అంటారు.

వారెంటు లేకుండా అరెస్టయిన మనిషి విషయంలో, అరెస్టుకు తగిన కారణం ఉందో లేదో సాధారణంగా 48 గంటల్లో న్యాయాధికారి చూడాలి. ఫెడరల్ ఫెలనీ అయితే ఆ తర్వాత గ్రాండ్ జ్యూరీ ముందుకు వెళ్లాలి. 16 నుంచి 23 మంది పౌరులు మూసిన తలుపుల వెనుక కూర్చుని ప్రాసిక్యూటర్ చూపించిన సాక్ష్యం వింటారు. నిందితుడి లాయరు ఆ గదిలో ఉండరు. 12 మంది సరేనంటే ఇండైట్‌మెంట్ (అభియోగపత్రం) వెలువడుతుంది. దాని అర్థం ‘కేసు నడపడానికి తగిన ఆధారం ఉంది’ అని మాత్రమే. ‘జ్యూరీ నేరాన్ని నిర్ధారించింది’ అని మన తెర మీద వచ్చే స్క్రోలింగ్ చాలాసార్లు ఈ దశ గురించే. అప్పటికి ఎవరి నేరమూ నిర్ధారణ కాలేదు. రాష్ట్రాలు గ్రాండ్ జ్యూరీని వాడి తీరాలన్న నియమం లేదు, చాలా చోట్ల జడ్జి ముందు ప్రాథమిక వాయిదాతో సరిపెడతారు.

బెయిలుకు ధర కట్టినప్పుడు

అతిగా బెయిలు అడగకూడదని రాజ్యాంగం ఎనిమిదో సవరణ అంటుంది, బెయిలు ఇచ్చి తీరాలని మాత్రం అనదు. చాలా రాష్ట్రాల్లో జడ్జి ఒక మొత్తం చెబుతారు. 10,000 డాలర్లు అన్నారనుకుందాం. మొత్తం కట్టగలిగితే వాయిదాలన్నిటికీ హాజరయ్యాక తిరిగి వస్తుంది. కట్టలేనివారు బెయిలు బాండు వ్యాపారి దగ్గరికి వెళతారు. అతను మామూలుగా పది శాతం, అంటే 1,000 డాలర్లు తీసుకుని పూచీ పడతాడు. కేసు రేపే కొట్టేసినా ఆ 1,000 తిరిగి రాదు. అదీ లేనివాడు జైల్లోనే ఉంటాడు.

జైల్లో ఉన్నవాడికి ఉద్యోగం పోతుంది, అద్దె ఆగుతుంది. ‘ఒప్పుకుంటే ఈరోజే ఇంటికి’ అన్న మాట అప్పుడు చాలా తియ్యగా వినిపిస్తుంది. ఇల్లినాయ్ 2023 సెప్టెంబర్‌లో నగదు బెయిలును పూర్తిగా ఎత్తివేసిన తొలి రాష్ట్రమైంది; ప్రమాదకరమైన వ్యక్తా, పారిపోతాడా అన్నదే అక్కడ కొలత. సమర్థకులు దీన్ని పేదవాడికి దక్కిన సమానత్వం అంటారు. మళ్లీ నేరం చేసేవారు బయట తిరుగుతారనీ, బాధితులకు భయమనీ వ్యతిరేకులు అంటారు.

నేరం ఒప్పుకునే బేరం

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. ఫెడరల్ కోర్టుల్లో శిక్షలు పడ్డ కేసుల్లో 97 శాతం, రాష్ట్ర కోర్టుల్లో 94 శాతం నిందితుడు నేరం ఒప్పుకోవడం వల్ల వచ్చినవేనని 2012లో సుప్రీంకోర్టే రాసింది. ఈ బేరాన్ని ప్లీ బార్గెయినింగ్ అంటారు. మన చట్టంలోకీ ఇది 2005 సవరణతో వచ్చింది గానీ, ఏడేళ్లకు మించని శిక్షలున్న నేరాలకే పరిమితమై, వాడుక తక్కువగానే ఉండిపోయింది. అమెరికాలో హత్యకైనా బేరం కుదరవచ్చు.

బేరం చాలా రకాలుగా ఉంటుంది. పెద్ద అభియోగాన్ని వదిలి చిన్నదానికి ఒప్పుకోవచ్చు, పదింటిలో ఎనిమిదింటిని వదిలించుకోవచ్చు, శిక్ష ఇంతకు మించదన్న హామీ పొందవచ్చు. తాను నిర్దోషినని చెబుతూనే, సాక్ష్యం తనకు వ్యతిరేకంగా బలంగా ఉంది కనుక ఒప్పుకుంటున్నానని అనడాన్ని కూడా 1970లో ఆల్ఫర్డ్ కేసులో సుప్రీంకోర్టు అనుమతించింది.

ఒప్పుకునే రోజున కోర్టులో జరిగేది పావుగంటో అరగంటో పట్టే తంతు. నిందితుడు లాయరు పక్కన నిలబడతాడు. సత్యం చెబుతానని ప్రమాణం చేయిస్తారు. జడ్జి వరసగా అడుగుతారు: ఎంతవరకు చదువుకున్నావు? మందులేమైనా వాడుతున్నావా, ఇప్పుడు తలకు స్పష్టంగా ఉందా? జ్యూరీ ట్రయల్ అడిగే హక్కు, సాక్షులను నిలదీసే హక్కు, నోరు విప్పకుండా ఉండే హక్కు ఇవాళ్టితో వదులుకుంటున్నావని తెలుసా? నిన్నెవరైనా బెదిరించారా? కాగితంలో ఉన్నవి కాక వేరే హామీ ఎవరైనా ఇచ్చారా? నువ్వేం చేశావో నీ మాటల్లో చెప్పు. ప్రతిదానికీ జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. తర్వాత ఎప్పుడో ‘నాకు తెలియక ఒప్పుకున్నాను’ అని వస్తే, పైకోర్టు ముందు తెరిచేది ఆ రికార్డునే. అన్నిటికీ అవునని తల ఊపేముందు ప్రతి ప్రశ్న వెనుకా ఒక తలుపు మూసుకుంటోందని ఆ గదిలో నిలబడ్డ మనిషికి తెలియాలి.

బెదిరించారా అన్న ప్రశ్నకు చట్టం ఇచ్చిన అర్థం ఎంత ఇరుకైనదో కెంటకీకి చెందిన హేస్ కేసు చూపిస్తుంది. అతనిపై అభియోగం 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కు. దానికి శిక్ష రెండు నుంచి పదేళ్లు. ఒప్పుకుంటే ఐదేళ్లతో సరిపెడతాననీ, ఒప్పుకోకపోతే పాత ఫెలనీలను చూపి అలవాటుపడ్డ నేరస్థుల చట్టం కింద యావజ్జీవం పడేలా కొత్త ఇండైట్‌మెంట్ తెస్తాననీ ప్రాసిక్యూటర్ ముఖం మీదే చెప్పారు. హేస్ ట్రయలే కోరుకున్నాడు. ఓడిపోయాడు, యావజ్జీవం పడింది. మోపదగిన అభియోగాన్నే మోపుతానని ముందుగా, బాహాటంగా చెప్పడం బేరంలో భాగమే తప్ప కక్షసాధింపు కాదని 1978లో సుప్రీంకోర్టు 5-4తో అంది.

ఈ పద్ధతిని సమర్థించేవారి మాటను తేలిగ్గా తీసేయలేం. ప్రతి కేసుకూ జ్యూరీని కూర్చోబెడితే కోర్టులు స్తంభించిపోతాయి. తప్పు చేసినవాడు ఒప్పుకుని శిక్ష తగ్గించుకోవడంలో అన్యాయం లేదు. బాధితులు బోనెక్కి ఆ రోజును మళ్లీ అనుభవించనక్కర్లేదు; తీర్పు ఎటు పోతుందోనన్న భయమూ ఉండదు. ఒలేతా కేసులో నేరాంగీకారం వల్ల ఆ కుటుంబానికి ఆ ఊరట దక్కింది. విమర్శకులు వేలెత్తి చూపేది వేరేచోట. బేరానికీ ట్రయల్‌కూ మధ్య శిక్షల తేడా మరీ ఎక్కువైనప్పుడు నిర్దోషి కూడా లెక్కలు వేసుకుని ఒప్పుకుంటాడు. తర్వాతి కాలంలో నిర్దోషులని తేలి విడుదలైనవారిలో నేరం ఒప్పుకున్నవారూ ఉన్నారు. నా దృష్టిలో బేరం ఉండటం కన్నా, జైల్లో కూర్చున్నవాడికీ ఇంటి నుంచి వచ్చినవాడికీ ఆ బేరంలో ఉన్న బలం ఒకటి కాకపోవడమే పెద్ద చిక్కు.

ట్రయల్ జరిగిన ఆ కొద్ది కేసుల్లో

ట్రయల్‌లో సాధారణంగా 12 మంది జ్యూరీ. తీవ్రమైన నేరాలకు అందరూ ఒకే మాట మీదికి రావాలని 2020 నుంచి అన్ని రాష్ట్రాలకూ వర్తించేలా సుప్రీంకోర్టు తేల్చింది. ఏకాభిప్రాయం కుదరకపోతే ట్రయల్ రద్దవుతుంది, మళ్లీ నడపవచ్చు. నిర్దోషి అని జ్యూరీ అంటే మాత్రం అదే ఆఖరు. మన దగ్గరలా ప్రభుత్వం పైకోర్టుకు అప్పీలు చేసే వీలు అక్కడ లేదు.

నిర్దోషి అంటే నేరం చేయలేదని తేలినట్టు కాదు, సహేతుక సందేహానికి అతీతంగా రుజువు కాలేదని. 1995లో ఓ.జె. సింప్సన్‌ను క్రిమినల్ జ్యూరీ రెండు హత్యల కేసులో నిర్దోషిగా ప్రకటించింది. 1997లో సివిల్ జ్యూరీ అవే మరణాలకు బాధ్యుణ్ని చేసి కోట్ల డాలర్ల పరిహారం కట్టమంది. సివిల్ కేసులో త్రాసు కాస్త ఒకవైపు మొగ్గితే చాలు. అందుకే ఆ రెండు తీర్పులూ ఒకదాన్నొకటి కొట్టేయలేదు.

పౌరసత్వం లేనివారికి ఆ ఒప్పుకోలు ఖరీదు

మళ్లీ 300 డాలర్ల సరుకు దగ్గరికి వద్దాం. టెక్సస్‌లో ఆ విద్యార్థికి ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’ ఇవ్వజూపారనుకుందాం. నేరం ఒప్పుకుంటాడు, జడ్జి దోషిగా ప్రకటించకుండా కొన్ని నెలలు పర్యవేక్షణలో ఉంచుతారు, సవ్యంగా గడిస్తే కేసు కొట్టేస్తారు. రాష్ట్ర చట్టం లెక్కలో చాలా విషయాలకు అది శిక్ష పడినట్టు కాదు. ఇంట్లోవాళ్లు కేసు పోయిందని ఊపిరి పీల్చుకుంటారు. ఇమిగ్రేషన్ చట్టం నిర్వచనం వేరు: నేరం ఒప్పుకుని, దానికి ఏదో ఒక శిక్ష గానీ ఆంక్ష గానీ జడ్జి విధిస్తే, ఆ తర్వాత కేసు కొట్టేసినా అది దోషనిర్ధారణే. ఒకే కాగితాన్ని రాష్ట్రం ఒకలా, ఫెడరల్ ప్రభుత్వం మరోలా చదువుతాయి.

దొంగతనాన్ని సాధారణంగా నైతిక పతనంతో కూడిన నేరంగా లెక్కిస్తారు. దేశంలో అడుగుపెట్టిన ఐదేళ్లలోపు చేసిన అలాంటి నేరానికి ఏడాది లేదా అంతకు మించి శిక్ష పడే వీలుంటే, ఆ మనిషిని దేశం నుంచి పంపించేయడానికి అది కారణం అవుతుంది. చూసేది పడిన శిక్షను కాదు, పడే వీలున్న శిక్షను. టెక్సస్‌లో అది 180 రోజులు, గీతకు ఇవతల. న్యూజెర్సీలో 18 నెలలు, గీతకు అవతల. ఒక్క రోజు కూడా జైలు చూడకుండా జరిమానాతో బయటపడ్డ విద్యార్థి కూడా ఆ గీత దాటినట్టే. అభియోగం స్థాయిని తగ్గించమని అడగడం అక్కడి లాయర్లకు అంత ముఖ్యం కావడానికి కారణమిదే.

ఈ సంగతి క్లయింటుకు చెప్పడం లాయరు బాధ్యతేనా అన్న ప్రశ్న పాడియా కేసులో తేలింది. హోండురాస్‌లో పుట్టి, వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసి, 40 ఏళ్లకు పైగా గ్రీన్‌కార్డు మీద ఉన్న లారీ డ్రైవరు ఆయన. గంజాయి రవాణా కేసులో, ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నావు కనుక ఇమిగ్రేషన్ గురించి దిగులు పడనక్కర్లేదని లాయరు చెబితే నేరం ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలుతో దేశం విడిచి పోవాల్సిన స్థితి వచ్చింది. అలాంటి సలహా ఇవ్వడం రాజ్యాంగం హామీ ఇచ్చిన న్యాయసహాయానికి లోపమేనని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2013 నుంచి ఫెడరల్ జడ్జీలు ఒప్పుకోలు రోజున అడిగే ప్రశ్నల వరసలో, పౌరులు కానివారిని దేశం నుంచి పంపించే అవకాశం ఉందన్న హెచ్చరిక కూడా చేరింది.

ఇక అసలు క్రిమినల్ కేసే లేని అరెస్టు ఒకటుంది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ప్రభుత్వమే వల పన్ని నడిపిన నకిలీ సంస్థ అని బయటపడినప్పుడు వందమందికి పైగా విద్యార్థులను నిర్బంధించారు, వారిలో తెలుగువారే ఎక్కువ. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది మీద ఫెడరల్ క్రిమినల్ అభియోగాలు పెట్టారు. విద్యార్థుల మీద పెట్టింది మాత్రం సివిల్ ఇమిగ్రేషన్ కేసులు. తరగతులే లేవని తెలిసీ వీసా నిలుపుకోవడానికే వారు చేరారని ప్రభుత్వం అంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థ అని నమ్మి చేరినవారిని ఆ ప్రభుత్వమే పట్టుకోవడమేమిటని కుటుంబాలు అడిగాయి. మన వార్తల్లో ఆ రెండు రకాల వారినీ ఒకే వాక్యంలో కలిపేశారు. చట్టంలో వారి మధ్య ఉన్న తేడా పెద్దది. క్రిమినల్ కోర్టులో నిలబడ్డ ఎనిమిది మందికీ గిడియన్ సంపాదించిన హక్కు ఉంది. డబ్బు లేదంటే ప్రభుత్వం లాయరును ఇచ్చి తీరాలి. ఇమిగ్రేషన్ కోర్టులో నిలబడ్డ విద్యార్థికి లాయరును పెట్టుకునే హక్కు ఉంది, కానీ ఆ లాయరు ఫీజు అతని జేబులోంచే రావాలి. లేకపోతే జడ్జి ఎదుట, ప్రభుత్వ లాయరు పక్క బల్ల దగ్గర నిలబడి ఉండగా, అతను తన కేసు తానే చెప్పుకోవాలి.